దమయంతి పటం వెనకవైపు

అమ్మ సంవత్సరీకం అయ్యాక రాజమహేంద్రవరంలోని ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అన్నయ్య డాలస్ నుంచి, చెల్లెలు విశాఖపట్నం నుంచి వచ్చారు. ఇత్తడి సామాను, పుస్తకాలు, నవారు మంచాలు ఒక్క రోజులో పంచుకున్నాం. మాట ఆగిపోయింది నడవలో వేలాడే రెండు పటాల దగ్గరే.

ఒకటి హంస దమయంతి. ఎర్ర చీర కట్టి నిలుచున్న దమయంతి, ఎదురుగా గట్టు మీద హంస. చీర అంచుకు నిజం జరీ, మెడలో చమ్కీలు. మా చిన్నతనంలో మధ్యాహ్నపు ఎండ నడవలోకి వచ్చే వేళకు ఆ చమ్కీలు మెరిసేవి. రెండోది నాన్నగారు కొన్న చిన్న నలుపు తెలుపు బొమ్మ. ఒక పూరిల్లు, ఒక మేక, గుమ్మంలో పెద్ద బొట్టుతో ఒక స్త్రీ.

ఎనభై దాటిన మా బాబాయి దమయంతిని చూపించి, "అది రవివర్మ స్వహస్తాలతో వేసిన తైలచిత్రం. ఎవరో జమీందారు అమ్ముకుంటుంటే మా నాన్న కొన్నాడు. కోటికి తక్కువ అడగకండి" అన్నారు. ఆయన చిన్నప్పటి నుంచి విన్న మాటే అది, మేమూ అదే విన్నాం. అన్నయ్య నా వైపు తిరిగి, "నువ్వు హైదరాబాదులోనే ఉంటావు కదా, ఎవరికైనా చూపించి వెల కట్టించు. ఆ లెక్క ప్రకారం ముగ్గురం సర్దుకుందాం" అన్నాడు. రెండు పటాలనూ దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చుకున్నాను.

మొదట చేసిన పని తప్పు. పాత వస్తువులు కొని అమ్మే ఒకాయనకు దమయంతి ఫోటో చూపించాను. ఆయన ఫోను తెరను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "పదిహేను వేలు. ఇవాళే డబ్బు ఇస్తాను" అన్నాడు. కోటి అన్న మాటకూ ఈ మాటకూ నడుమ నాకు ఊపిరి ఆడలేదు. ఇంటికి వచ్చాక నెమ్మదిగా ఆలోచిస్తే అర్థమైంది. బాబాయికి ఆ పటం మీద ప్రేమ ఉంది, ఆ వ్యాపారికి లాభం కావాలి. ఇద్దరిలో ఎవరి మాటా వెల కాదు. అసలు నా చేతిలో ఉన్నది ఏమిటో నాకే తెలియదు. అది తెలియకుండా ఎవరి దగ్గరకు వెళ్లినా వాళ్లు చెప్పింది నమ్మడం తప్ప నాకు దారి లేదు. అందుకే మదింపు చేసేవారిని వెతికే పని పక్కన పెట్టి, రెండు నెలలు నేనే ఆ పటాలతో కూర్చున్నాను.

ముందు అసలు చిత్రం ఎక్కడ ఉందో వెతికాను. రవివర్మ 1899లో వేసిన హంస దమయంతి తిరువనంతపురం మ్యూజియం ప్రాంగణంలో ఉంది. కానీ ఆ ఒక్క సంగతితో మా పటం తేలిపోదు. పేరున్న చిత్రకారులు ఒకే బొమ్మను మళ్లీ వేసిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి కంటితో పోల్చి చూడాలి. ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి రవివర్మ తైలచిత్రాల ముందు చాలాసేపు నిలబడ్డాను. పక్కకు జరిగి వాలుగా చూస్తే రంగు ఒక చోట మందంగా, ఒక చోట పలుచగా కనిపిస్తుంది. నగ మీది మెరుపు ఒక్క కుంచె పోటుతో పడిన చుక్క, అది కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును కళ్లలో నింపుకుని ఇంటికి వచ్చాను.

ఇంట్లో దమయంతిని కిటికీ పక్కన బల్ల మీద పడుకోబెట్టి అద్దం తీశాను. నగల దుకాణాలవారు వాడే పదిరెట్ల భూతద్దం ఒకటి కొన్నాను. పటం నిండా గుడ్డ నేతలాంటి గరుకు ఉంది. బాబాయి తైలచిత్రం అనడానికి అదే కారణం, వెనక పలుచని గుడ్డ కూడా అతికి ఉంది. కానీ భూతద్దం పెట్టి చూస్తే, దమయంతి చెక్కిలి రంగు సన్నని చుక్కలుగా విడిపోయింది. గులాబీ చుక్కలు, గోధుమరంగు చుక్కలు, వాటి మధ్య లేత పసుపు. కుంచె జాడ ఎక్కడా లేదు. గుడ్డ నేత అనుకున్న గరుకు ముఖం మీద, ఆకాశం మీద, హంస రెక్క మీద ఒకే లోతులో ఉంది. కాన్వాసు మీద వేసిన బొమ్మలో రంగు మందంగా ఉన్నచోట నేత పూడిపోవాలి. ఇక్కడ పూడలేదు, ఎందుకంటే అది అచ్చు వేశాక రోలరుతో ఒత్తిన గరుకు.

అంటే ఇది ఓలియోగ్రాఫ్. రాతి మీద బొమ్మను రంగురంగుగా విడదీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున ఒకే కాగితం మీద వరుసగా అచ్చు వేస్తారు. ఒక పటానికి పది పన్నెండు రాళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టేవి. చివర వార్నిషు పూసి, కాన్వాసు గరుకు ఒత్తుతారు. చుక్కలు ఒక క్రమం లేకుండా ఇసుక చల్లినట్టు ఉంటే అది రాతి అచ్చు. అదే ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చయితే చుక్కలు గళ్లు గీసినట్టు, చిన్న చిన్న పూల వరుసల్లా ఉంటాయి. మా దమయంతి పాతది కాకుండా పోలేదు, కుంచెతో వేసినది మాత్రం కాదు.

ఆ సాయంత్రం బాబాయికి ఫోను చేయలేకపోయాను.

మరునాడు వెనక అట్ట విప్పాను. ఇది మాత్రం అందరికీ చెప్పాలనిపిస్తుంది: పటం విప్పేముందు ముందూ వెనకా ఫోటోలు తీయండి, వచ్చిన ప్రతి చీలనూ, ప్రతి కాగితం ముక్కనూ ఒక కవరులో వేయండి. అట్ట కింద 1936 నాటి ఆంధ్రపత్రిక పుట మడిచి పెట్టి ఉంది. నాకు ఒక్కసారి ఒళ్లు పులకరించింది. అయితే పటం వయసు అదే అనుకోకూడదు. ఆ కాగితం చెప్పేది చట్రం సుమారుగా ఎప్పుడు కట్టారన్నది, బొమ్మ పుట్టిన సంవత్సరం కాదు. బొమ్మ అంతకంటే ఎంతైనా పాతది కావచ్చు.

చట్రం కింద దాగిన అడుగు అంచు మీద సన్నని ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. సగం కోసేశారు, మిగిలిన సగంలో రవివర్మ ప్రెస్, కార్లా, లోనావ్లా అని చదవగలిగాను. ఈ ఒక్క వరుస కోసం తిరిగిన పాత పుటలు, చూసిన ఫోటోలు లెక్కలేదు. రవివర్మ తన అచ్చుశాలను 1894లో బొంబాయిలో పెట్టాడు. జర్మనీ నుంచి యంత్రాలు వచ్చాయి, పనివాళ్లూ వచ్చారు. తన చిత్రాలు రాజుల గోడలు దాటి సామాన్యుల ఇళ్లకు చేరాలన్నది ఆ పని వెనక ఉన్న తలపు. బొంబాయిలో ప్లేగు రోజుల తరువాత అచ్చుశాల లోనావ్లా దగ్గరి మళవలికి మారింది. అప్పులు పెరిగి, కొద్ది ఏళ్లకే దాన్ని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశాడు. 1906లో రవివర్మ పోయాక కూడా ఆ రాళ్ల మీద బొమ్మలు అచ్చవుతూనే ఉన్నాయి. 1972లో అచ్చుశాల మంటల్లో కాలిపోయింది. కింద ఉన్న ఊరి పేరు బొంబాయి అయితే తొలినాళ్ల అచ్చు అయ్యే అవకాశం ఎక్కువ, లోనావ్లా అయితే ఆ తరువాతది. అంచును కత్తిరించి చట్రంలో ఇరికించడం మన వైపు పటాలు కట్టేవారికి అలవాటు. ఆ అరంగుళం కాగితంతో పాటే పటం తన ఊరి పేరును పోగొట్టుకుంటుంది.

లోనావ్లా సరే, ఏ సంవత్సరం? సమాధానం ఇంట్లోనే దొరికింది. తాతగారి పద్దు పుస్తకాలు చెల్లెలి వాటాకు వెళ్లాయి. ఆమె రాత్రిళ్లు కూర్చుని ఒక్కో పుటా తిప్పి, చివరకు ఒక పుటను ఫోటో తీసి పంపింది. "దుర్మతి, మాఘము. చెన్నపట్నములో కొన్న దమయంతి పటము 3-8-0." మూడు రూపాయల ఎనిమిది అణాలు. దుర్మతి అరవై ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1861లో రవివర్మకు పదమూడేళ్లు, 1981కి తాతగారే లేరు. కాబట్టి అది 1921లో మొదలైన దుర్మతి, మాఘం అంటే 1922 తొలి నెలలు. జమీందారు కథ అక్కడితో తీరిపోయింది. నాకు విచారం కలగలేదు. పాతికేళ్ల వయసులో తాతగారు చెన్నపట్నం నుంచి రైలులో ఆ పటాన్ని ఒడిలో పెట్టుకుని తెచ్చి ఉంటారని ఊహించుకుంటే, ఏ జమీందారు కథా దాని ముందు నిలవలేదు.

మరో ఆధారం మా మేనత్త పెళ్లి ఫోటో. 1954. పీటల మీద వధూవరులు, వెనక గోడ మీద దమయంతి. నలుపు తెలుపు ఫోటోలో కూడా చీర అంచు తెల్లగా మెరుస్తోంది. అంటే జరీ అప్పటికే ఉంది. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూపించే ఇలాంటి కాగితాలూ ఫోటోలూ ఒక్కచోట చేర్చితే, కొనేవాడికి నోటిమాటకు బదులు రుజువు దొరుకుతుంది. ఫోటో వెనక ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏ ఏడు అన్నది అత్తయ్య చేతనే రాయించాను.

ఇక రెండో పటం. దమయంతి అచ్చు బొమ్మ అని తెలిసిన రోజున చెల్లెలు, "అయితే నాన్నగారిదీ ప్రింటే కదా, దానికేం వస్తుంది?" అంది. ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్న వాటిలో పెద్దది ఈ ప్రశ్నకు జవాబే. ప్రింటు అన్న ఒక్క మాటలో రెండు వేరు వేరు వస్తువులు ఉన్నాయి. దమయంతి, కుంచెతో వేసిన ఒక చిత్రానికి అచ్చుశాల వేలకొద్దీ తీసిన నకలు. నాన్నగారిది ఎచింగ్. అక్కడ నకలు తీయడానికి ముందున్న చిత్రమే లేదు. చిత్రకారుడు లోహపు రేకు మీద మైనపు పూత వేసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతాడు. గీసిన చోట ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడి కాగితం పరిచి, యంత్రంలో ఒత్తి తీస్తే వచ్చే కాగితమే కళాకృతి. అలా ఇరవయ్యో పాతికో తీసి ఆపేస్తాడు.

దాని అద్దం తీసి చూశాను. బొమ్మ చుట్టూ కాగితం లోపలికి అణిగిన గీత ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. రేకు అంచు ఒత్తిన గుర్తు అది. ఎడమ కింద పెన్సిలుతో 11/25, అంటే పాతిక ప్రతుల్లో పదకొండోది. కుడి కింద పెన్సిలు సంతకం, పక్కన 74, అంటే 1974. సంతకం కె. లక్ష్మాగౌడ్‌ది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలోనూ చదివి, తన ఊరి మనుషులనూ మేకలనూ చెట్లనూ రేకుల మీదికి తెచ్చిన చిత్రకారుడు. 2016లో పద్మశ్రీ వచ్చింది. జవాబు పత్రాలు దిద్దే పని మీద హైదరాబాదు వెళ్లిన నాన్నగారు ఆ బొమ్మను కొని తెచ్చారని అమ్మ చెప్పేది. చేతిరాత రసీదు కూడా ఆయన నిఘంటువులో దొరికింది. ఆ నెల జీతంలో నాలుగో వంతు ఆ కాగితానికి పెట్టారు.

బాధ కలిగించినది ఒకటి ఉంది. పటం కట్టినవారు చట్రానికి సరిపోవాలని కుడివైపు, పైవైపు అంచులు కోసేశారు. రేకు గుర్తు వరకు పోలేదు, అదొక్కటే మేలు. వెనక వేసిన టేపు పసుపుబారి కాగితంలోకి దిగింది. అద్దానికి కాగితం ఆనుకుని ఉండటంతో తేమ పట్టి గోధుమరంగు మచ్చలు వచ్చాయి. టేపు ఊడదీయబోయి చేయి వెనక్కి తీసుకున్నాను. అది కాగితాల సంరక్షణ తెలిసినవారి పని. దమయంతిని కూడా తడిగుడ్డతో తుడవలేదు. వెల తెలియక ముందు శుభ్రం చేయడం కంటే, దుమ్ముతో అలాగే ఉంచడం మంచిది.

ధరల సంగతి చివరన చూశాను. అమ్మకానికి పెట్టినవారు చెప్పే ధరలు కొండంత ఉంటాయి, అవి కోరికలు మాత్రమే. నిజంగా అమ్ముడైన ధర కావాలంటే వేలం సంస్థలు ప్రకటించే ఫలితాలు చూడాలి. సాఫ్రన్ఆర్ట్, ఆస్టాగురు, పుండోల్స్ వంటి వారి పాత వేలాల ఫలితాలు ఎవరైనా చూడవచ్చు. అక్కడ కూడా జాగ్రత్త అవసరం. ప్రకటించే మొత్తంలో చాలాసార్లు కొన్నవారు సంస్థకు కట్టే రుసుము కలిసి ఉంటుంది. అమ్మినవారికి చేరేది అది కాదు, వారి వాటా నుంచి మరో కమిషన్ పోతుంది. పోల్చేటప్పుడు అదే బొమ్మ, అదే అచ్చుశాల, అదే కొలత, అదే స్థితి చూడాలి. రవివర్మ తైలచిత్రానికి కోట్లు పలికిందన్న వార్తకూ మా గోడ మీది దమయంతికీ సంబంధం లేదు. లక్ష్మాగౌడ్ రంగుల చిత్రం ధరతో ఆయన ఎచింగ్‌ను తూచడమూ తప్పే. ఒక నోటుపుస్తకంలో సరిపోలినవి మాత్రమే రాసుకున్నాను. దమయంతికి ఏడు, ఎచింగ్‌కు ఐదు దొరికాయి.

అప్పుడు మదింపు చేసే ఆవిడ దగ్గరకు వెళ్లాను. ఆవిడ పటాలు కొనరు, అమ్మరు. రెండింటికీ కలిపి ఆరు వేలు రుసుము, వెల ఎంత తేలినా అంతే. వెలలో ఇంత శాతం అని అడిగేవారి దగ్గరకు వెళ్లకూడదని అప్పటికే నిర్ణయించుకున్నాను. ఆవిడ పటాల వైపు చూడకముందే, "ఎందుకు కావాలి? బీమాకా, అమ్మకానికా, పంపకానికా?" అని అడిగారు. బీమాకు అయితే పోయిన వస్తువు స్థానంలో అలాంటిదే దుకాణంలో కొనడానికి ఎంత అవుతుందో ఆ వెల రాస్తారు, అది ఎక్కువ. పంపకానికి అయితే తొందర లేని ఇద్దరు, అన్నీ తెలిసి, ఇష్టపడి కొని అమ్ముకునే వెల. ఒకే పటానికి ఈ రెండూ ఒకటి కావు. ముగ్గురు తోబుట్టువులు ఒకే కాగితం చూసి ఒకే మాట అనుకోవాలంటే, ఆ కాగితం మీద ఏ వెలో రాసి ఉండాలి.

నా కవరు విప్పి అంచు మీది అక్షరాల ఫోటో, పద్దు పుట, పెళ్లి ఫోటో, ఆంధ్రపత్రిక పుట బల్ల మీద పరిచాను. ఆవిడ గంటన్నర చూశారు. జరీ దగ్గర ఆగి భూతద్దం పెట్టి, "ఇక్కడ రెండు చేతులు ఉన్నాయి" అన్నారు. చీర అంచు జరీ ఒక తీరు కుట్టు. మెడలోని చమ్కీలు వేరే దారంతో, ఇంకా సన్నని కుట్టు. ఆ దారం నాకు తెలుసు. నాయనమ్మ రవికెల చేతులకు చమ్కీలు కుట్టినప్పుడు వాడిన లేత నారింజ దారం అది. కుట్టుపెట్టెలో ఆ కండె మొన్నటి వరకు ఉంది. కొన్న పటానికి ఇంట్లో ఆడవాళ్లు జరీ, చమ్కీలు, గుడ్డ ముక్కలు కుట్టడం ఆ రోజుల్లో ఉన్నదేనని, అలాంటివి కోరి వెతికేవారు ఉన్నారని ఆవిడ చెప్పారు. మదింపు పత్రంలో "ఇంటి అలంకరణ, చేతి కుట్టు" అని ఒక వరుస రాశారు. నాయనమ్మ పని ఒక కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకోక తప్పలేదు.

దమయంతికి నలభై నుంచి యాభై వేలు అని తేల్చారు. అంచు కోయకుండా ఉంటే ఇంకా పలికేదన్నారు. ఎచింగ్‌కు అంచులు పోయినా, మచ్చలు ఉన్నా, దాదాపు రెట్టింపు.

అన్నయ్యకు దమయంతి కావాలని ఉంది. డాలస్ ఇంట్లో పెట్టుకోవాలని మొదటి రోజు నుంచీ అంటున్నాడు. అక్కడ పద్దు పుస్తకం అడ్డు వచ్చింది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళాకృతి పురావస్తువు. దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ సహా తొమ్మిది మంది చిత్రకారుల కృతులు వందేళ్లు నిండకపోయినా బయటికి వెళ్లవు, కానీ మా అచ్చు పటానికి ఆ నిబంధన దాకా పోనక్కర లేదు. 1922 మాఘం నుంచి లెక్కపెడితే వందేళ్లు దాటాయి. ఇదంతా తెలియకుండా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లి ఉంటే విమానాశ్రయంలో ఏమయ్యేదో తలచుకుంటే భయం వేసింది. ఎచింగ్‌కు యాభై ఏళ్లే, ఆ తొమ్మిది మందిలో లక్ష్మాగౌడ్ పేరు లేదు. అది వెళ్లవచ్చు. దారిలో ఎవరూ సందేహపడకుండా, పురావస్తువు కాదన్న పత్రం కోసం పురావస్తు శాఖకు ఫోటోలు, రసీదుతో దరఖాస్తు చేశాం.

వేసవిలో అన్నయ్య మళ్లీ వచ్చినప్పుడు ముగ్గురం మదింపు పత్రం ముందు కూర్చున్నాం. ఎచింగ్ అన్నయ్యకు, దమయంతి చెల్లెలికి, తేడా సొమ్ము నాకు అని పది నిమిషాల్లో తేలింది. ఎచింగ్‌ను ముందు సంరక్షణ తెలిసినవారికి ఇచ్చి టేపు తీయించాలని, ఆ ఖర్చు ముగ్గురం పెట్టుకోవాలని అనుకున్నాం.

బాబాయికి నేనే వెళ్లి చెప్పాను. పద్దు పుట చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని తన తండ్రి చేతిరాతను చాలాసేపు చూశారు. "మూడున్నర రూపాయలా? అప్పట్లో అది తక్కువేం కాదమ్మా" అన్నారు. ఆ పుటకు నకలు ఒకటి తీయించి తనకు పంపమని అడిగారు.